రెండోసారి మోగని పన్నెండు

మా వెర్జోల్ ఊరి గడియారం ప్రతి గంటనూ రెండుసార్లు కొట్టేది. పన్నెండు కొట్టి, రెండు నిమిషాలు ఆగి, మళ్ళీ పన్నెండు కొట్టేది. మొదటిది వినమని చెప్పడానికి, రెండోది లెక్కపెట్టుకోవడానికి. పొలంలో ఉన్నవాడు మొదటిదానికి పని ఆపి తలెత్తుతాడు, రెండోదానికి ఎన్నయిందో తెలుసుకుంటాడు. మొదటిసారే లెక్కపెట్టిన మనిషిని మా ఊళ్ళో నేను చూడలేదు.

లోయలో మాకు నాలుగు కిలోమీటర్లు కిందుగా, నది మలుపు తిరిగేచోట బ్రెలాన్ ఉంది. వాళ్ళ గడియారం ఒక్కసారే కొడుతుంది. అందుకని వాళ్ళు మమ్మల్ని చెవిటోళ్ళంటారు, మేము వాళ్ళని తొందరగాళ్ళంటాం. వాళ్ళు ఆరువందల మంది, మేము రెండువందల పద్నాలుగు మందిమి. నేను రెండు ఊళ్ళ ఆఫీసుల్లోనూ గుమాస్తాని. బుధ, గురువారాలు అక్కడ తొందరపడతాను, మిగిలిన రోజులు ఇక్కడ ఆగుతాను.

ఆ రెండు నిమిషాల ఎడం మా ఊళ్ళో ఉత్తినే పోదు. మధ్యాహ్నం పన్నెండు మొదటిసారి మోగేసరికి ఇచ్చిన మాటను రెండోసారి మోగేలోగా వెనక్కి తీసుకోవచ్చు. ఎవరూ తప్పు పట్టరు. రెండోది మోగిందంటే మాట మాటే. ఆవుల అమ్మకాలు, పెళ్ళి మాటలు, కౌన్సిల్ తీర్మానాలు అన్నీ ఇలాగే సాగాయి. ఇది ఎప్పుడు మొదలైందో ఎవరికీ తెలియదు. రిజిస్టర్లలో మాత్రం రెండువందల ఏళ్ళ కిందటి గుమాస్తా కూడా ప్రతి తీర్మానం చివర "రెండోది మోగిన తరువాత వ్రాయడమైనది" అని రాశాడు. నేనూ అదే రాస్తాను.

ఈ ఎడాన్ని అందరికంటే ఎక్కువ వాడుకున్నది చీజ్ తయారుచేసే లియోన్స్. అరవయ్యొకటో ఏడు నడుస్తోంది, ఇంకా పెళ్ళి కాలేదు. వయసులో ఉన్నప్పుడు ఒకమ్మాయికి రెండు వారాలు వరసగా మొదటి గంటకి మాటిచ్చి, రెండో గంటలోగా వెనక్కి తీసుకున్నాడు. మూడోవారం ఇతను గట్టిగా నిలబడ్డాడు, ఆ అమ్మాయే వెనక్కి తీసుకుంది. కౌన్సిల్లో చేరి ఇరవైరెండేళ్ళయింది. పన్నెండింటికి ఎత్తిన చెయ్యి ఒక్కసారి కూడా రెండో గంటదాకా అలాగే ఉంచలేదు. గడియారం కొట్టబోయే ముందు లోపల కటక్ మని చిన్న చప్పుడయ్యేది. అది ఊరి ఆఫీసులోకి కూడా వినబడేది. ఆ చప్పుడు వింటే గాని లియోన్స్ నోరు విప్పడు.

ఇక సంగతికొస్తాను. నిరుడు చలికాలం మొదట్లో జిల్లా ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. చిన్న ఊళ్ళు పక్క ఊళ్ళతో కలిసిపోతే బాగుంటుందని, వెర్జోల్ బ్రెలాన్‌లో కలవడానికి అభ్యంతరం ఉంటే నవంబరు ఆఖరి సోమవారంలోగా తీర్మానం పంపాలని, ఏమీ పంపకపోతే ఒప్పుకున్నట్టే అనుకుంటామని అందులో ఉంది. కలిస్తే మా ఊరి కొత్త పేరు బ్రెలాన్ ఎగువ. బ్రెలాన్ మేయరు రెజిస్ ఇంకో మాట కూడా చేర్చాడు. చీజ్ కేంద్రానికి వెళ్ళే దారిలో గుంటల గురించి తనకు తెలుసుననీ, ఊళ్ళు కలిసిన మొదటి వేసవిలోనే ఆ దారి బాగుచేయిస్తాననీ అన్నాడు. ఆ దారిన రోజూ వెళ్ళేది లియోన్స్.

మా మేయరు హొనొరీన్. పద్దెనిమిదేళ్ళుగా ఆవిడే. ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివి, మడిచి, బల్లమీద పెట్టింది.

"నేను పుట్టినప్పుడు ఇది ఒక ఊరు, పెర్రిన్," అంది నాతో. "నేను పోయేటప్పుడు కూడా ఊరిలాగే ఉండాలి. ఇంకేం అక్కర్లేదు నాకు."

తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. కౌన్సిల్లో ఏడుగురు. కలవాలనేవాళ్ళు లియోన్స్‌తో కలిపి నలుగురు, వద్దనేవాళ్ళు హొనొరీన్‌తో కలిపి ముగ్గురు. సమానంగా వస్తే మేయరు మాట రెండుగా లెక్క. అది ఊరి ఆచారం కాదు, చట్టంలోనే ఉంది. అంటే లియోన్స్ ఒక్కడు వెనక్కి తీసుకుంటే చాలు. ఇరవైరెండేళ్ళుగా తీసుకుంటూనే ఉన్నాడు కాబట్టి హొనొరీన్ ఎవరినీ బతిమాలలేదు. శనివారం పదకొండింటికి సమావేశం పెట్టింది.

ఆ శనివారమే పట్నం నుంచి గడియారం మెకానిక్ వచ్చాడు. ఏడాదికోసారి నూనె పెట్టి పోతాడు. పదకొండుంపావుకి ఊరి ఆఫీసు తలుపు తట్టాడు. గడియారం ఉన్నది చర్చి గోపురంలో, దాని తాళాలు ఆన్సెల్మ్ తాత దగ్గర ఉంటాయి. ఆయనకి డెబ్బైతొమ్మిదేళ్ళు, కౌన్సిలరు కూడా. కుర్చీలోంచి లేవకుండా తాళం చెవి నా చేతికిచ్చాడు, నేను మెకానిక్‌కిచ్చాను. ఎప్పుడూ వచ్చే అతను కాదు, కొత్తవాడు. చాలా మర్యాదగా ఉన్నాడు.

లోపల రెజిస్ అతిథిగా కూర్చున్నాడు. వాల్‌నట్ కేకూ, ఒక సీసా పసుపు రంగు వైనూ తెచ్చి బల్లమీద పెట్టాడు. పన్నెండు కావస్తుండగా హొనొరీన్ కలవాలనేవాళ్ళని చేతులెత్తమంది. నాలుగు చేతులు లేచాయి. వద్దనేవాళ్ళు మూడు. పన్నెండు మోగింది. నేను రిజిస్టరు తెరిచి, కలం మూత తీసి పట్టుకున్నాను. హొనొరీన్ లియోన్స్ వైపు చూసింది. లియోన్స్ గోడ వైపు చెవి పెట్టి కూర్చున్నాడు.

రెండు నిమిషాలు గడిచాయి. కటక్ మనలేదు. మూడో నిమిషం కూడా గడిచింది.

"మోగిందా?" అన్నాడు ఆన్సెల్మ్ తాత. ఆయనకి నిజంగానే కొంచెం చెవుడు.

"లేదు తాతా," అన్నాను.

"నాకు వినబడలేదేమో అనుకున్నా."

"మాకూ వినబడలేదులే," అంది హొనొరీన్.

ఐదు నిమిషాలయ్యాక రెజిస్ గొంతు సవరించుకున్నాడు. "ఇంకేంటమ్మా ఆలస్యం? ఓటయింది, పన్నెండయింది. రాసెయ్యి."

నేను హొనొరీన్ వైపు చూశాను.

"రెండోది మోగలేదు," అంది హొనొరీన్.

"అది ఏ చట్టంలో ఉంది మదామ్?"

"చట్టంలో లేదు. ఊళ్ళో ఉంది."

"సరే, ఉందనుకుందాం. రెండోది లేకపోతే మొదటిదే ఆఖరిది. అంతేగా?"

"రెండోది లేకపోతే మొదటిది మొదటిదెలా అవుతుంది?" అన్నాడు ఆన్సెల్మ్ తాత. ఇది ఆయనకి బాగానే వినబడింది.

నన్ను గోపురం దగ్గరికి పంపారు. మెకానిక్ వెళ్ళిపోయాడు. తాళం చెవి తలుపుకే ఉంది, దానికి ఒక చీటీ గుచ్చి ఉంది. "నూనె పెట్టాను. గంట రెండుసార్లు కొడుతోంది. ఆ లోపం సరిచేశాను. దీనికి విడిగా ఏమీ తీసుకోవడం లేదు." దస్తూరీ ముత్యాల్లా ఉంది. చీటీ తెచ్చి బల్లమీద పెట్టాను. ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి వెళ్ళి మళ్ళీ నా దగ్గరికొచ్చింది.

హొనొరీన్ ఫోన్ చేసింది. అందరూ వినేట్టు స్పీకర్ పెట్టింది. మెకానిక్ దారిలో ఉన్నాడు, కారు చప్పుడు వినబడుతోంది.

"ఇప్పుడు బాగుందా మదామ్?"

"ఒక్కసారే కొడుతోంది బాబూ."

"అవును. సరిచేశాను."

"దాన్ని మళ్ళీ పాడుచెయ్యగలవా?"

"ఎందుకండీ?"

"మాకింకా పన్నెండు పూర్తవలేదు."

"సోమవారం ఆఫీసుకి ఫోన్ చెయ్యండి మదామ్. ఫిర్యాదు రాసుకుంటారు. వారంలో ఎవరో ఒకరొస్తారు." గొంతులో మర్యాద తగ్గలేదు. కాకపోతే ఫోన్ తొందరగా పెట్టేశాడు.

సోమవారమే గడువు. కొత్త సమావేశం పెట్టాలంటే మూడు రోజుల ముందు కాగితాలు పంపాలి. ఏమీ రాయకపోతే ఒప్పుకున్నట్టే. ఇదంతా రెజిస్‌కి నాకంటే బాగా తెలుసు. అతను కుర్చీ వెనక్కి జరుపుకుని కాళ్ళు చాపుకున్నాడు. అతనికి ఏ తొందరా లేదు. బ్రెలాన్ మనిషిని అంత తీరిగ్గా చూడటం నాకదే మొదటిసారి.

పన్నెండున్నరకి గడియారం ఒక దెబ్బ కొట్టింది. అది అరగంటకి కొట్టే దెబ్బ. ఒంటిగంటకి మళ్ళీ ఒక దెబ్బ. ఒంటిగంటన్నరకి మరొకటి. ఇదివరకైతే ఒంటిగంటది రెండుసార్లు మోగేది కాబట్టి గుర్తుపట్టేవాళ్ళం. ఇప్పుడు మూడూ ఒకేలా మోగాయి. వీటిలో ఏదైనా పన్నెండింటి రెండోదానిలో భాగమా అని ఒకరు అడిగారు. అలాగైతే ఇంకా తొమ్మిది దెబ్బలు రావాలని మరొకరు లెక్కవేశారు. నేను రిజిస్టరులో ఏమీ రాయలేదు.

ఈలోగా లియోన్స్ మొదలుపెట్టాడు. రెండు నిమిషాల్లో ఒక్కసారి మనసు మార్చుకోవడానికి అలవాటు పడ్డ మనిషికి మధ్యాహ్నమంతా దొరికింది.

"నేను వెనక్కి తీసుకుంటున్నా," అన్నాడు ఒంటిగంటకి ముందే. "వద్దు. కలవద్దు."

హొనొరీన్ ఊపిరి వదిలింది. రెజిస్ కదల్లేదు.

"ఆ దారి మాటేంటి లియోన్స్?" అన్నాడు నెమ్మదిగా. "పోయిన శుక్రవారం పాలబండి యాక్సిల్ విరిగింది కదా."

"అవును, విరిగింది," అన్నాడు. "అయితే కలుద్దాం."

రెండోది మోగలేదు కాబట్టి అదీ చెల్లుతుంది. నేను పక్కనున్న చిత్తుకాగితం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ వచ్చాను. మూడింటికల్లా ఏడుసార్లు మార్చాడు. ఒకసారి వాళ్ళ నాన్న గుర్తొచ్చి వద్దన్నాడు. ఒకసారి బండి టైర్లు గుర్తొచ్చి కలుద్దామన్నాడు. ఒకసారి రెజిస్ కేకు ముక్క కోసిస్తే తిని, వాల్‌నట్లు పాతవని వద్దన్నాడు.

"ఒరే లియోన్స్, నువ్వు మనిషివా, గాలికోడివా?" అన్నాడు ఆన్సెల్మ్ తాత.

"గాలికోడి గాలి ఎటుంటే అటు తిరుగుతుంది తాతా. నేను సొంతంగా తిరుగుతున్నాను," అన్నాడు లియోన్స్. అతనికి కోపం రాలేదు. నిజానికి సంతోషంగానే ఉన్నాడు.

మూడుంపావుకి ఆన్సెల్మ్ తాత లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు.

"ఏంటి తాతా?"

"బయటికెళ్ళాలి."

"వెళ్తే ఎలా? నువ్వు లేనప్పుడు మోగితే?" అంది హొనొరీన్.

మాట చెప్పిన మనిషి రెండోది మోగేటప్పుడు గదిలో ఉండాలి. లేకపోతే ఆ మాట లేనట్టే. మామూలుగా రెండు నిమిషాలే కాబట్టి ఎవరికీ ఇబ్బంది ఉండదు. ఇప్పుడు మూడుగంటలుగా ఏడుగురూ ఎవరి కుర్చీలో వాళ్ళు ఇరుక్కుని ఉన్నారు. ఎప్పుడు మోగుతుందో, అసలు మోగుతుందో లేదో ఎవరికీ తెలియదు.

పక్కనే పాత రిజిస్టర్ల గది ఉంది. దాని తలుపు తెరిచి ఉంచితే అది కూడా ఈ గదే అవుతుందని ఏడుగురూ ఒప్పుకున్నారు. ఆ రోజు అందరూ ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే. నేను పూలు పెట్టే పెద్ద జాడీ ఒకటి లోపల పెట్టి, కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.

తాత లోపల చాలాసేపు ఉన్నాడు. తిరిగి వచ్చేటప్పుడు చంకలో ఒక రిజిస్టరు ఉంది.

"యాభయ్యారు, ఫిబ్రవరి," అన్నాడు. "చదువు పిల్లా. నా కళ్ళజోడు ఇంట్లో ఉంది."

చదివాను. ఆ నెల చలికి గడియారం గడ్డకట్టింది. పదకొండు రోజులు మా ఊళ్ళో గంట లేదు. పన్నెండో రోజున అడవి గురించి ఒక తీర్మానం అవసరమై, గోపురం ఎక్కి చేత్తో కొట్టారు. "రెండోది చేతితో మోగించిన తరువాత వ్రాయడమైనది" అని ఉంది.

"కొట్టింది మా నాన్న," అన్నాడు తాత. "ఒక వేలు మంచుకి పోయింది."

రెజిస్ రిజిస్టరు తన వైపు తిప్పుకుని చదివాడు. తేదీ చూశాడు, సంతకాలు చూశాడు. "సరే," అన్నాడు చివరికి. "మీకు చేత్తో కొట్టినా చెల్లుతుందంటే నేనెవర్ని కాదనడానికి? కొట్టండి. కానీ ఎవరు కొడతారు?"

కౌన్సిలర్లు ఎవరూ గది వదిలి వెళ్ళడానికి లేదు. వెళ్ళినవాడి మాట పోతుంది. రెజిస్‌ని పంపడానికి హొనొరీన్ ఒప్పుకోలేదు. ఊళ్ళోంచి ఎవరినైనా పిలుద్దామంటే, వచ్చినవాడు ఎవరి పక్షమో తేలాలి. అప్పుడు అందరూ నావైపు చూశారు. నేను ఎవరి పక్షమో ఎవరికీ తెలియదు. ఎవరూ ఎప్పుడూ అడగలేదు కూడా.

"పెర్రిన్ కొడుతుంది," అన్నాడు లియోన్స్. "ఎక్కువ మాట్లాడని పిల్ల. నాకు నమ్మకమే." చేతి గడియారం చూసుకున్నాడు. నాలుగున్నర. "కానీ తొందరగా కానియ్యి అమ్మా. ఐదింటికి పాలొస్తాయి. పాలు ఎవరికోసమూ ఆగవు. ఐదులోగా కొట్టావంటే నా మాట గదిలో ఉంటుంది."

"ఇప్పుడు నీ మాటేంటి?" అంది హొనొరీన్.

"ఇప్పుడు కలుద్దామనే. అది కొట్టేదాకా చూద్దాం."

"ఐదులోగా," అన్నాడు రెజిస్ నాతో.

నేనేమీ అనలేదు. మౌనం అంగీకారమని జిల్లా ఆఫీసువాళ్ళే రాశారు.

చేత్తో గంట కొట్టే తీగ ఎలా లాగాలో ఆన్సెల్మ్ తాత చెప్పాడు. "కరెంటు సుత్తి దానంతట అదే లేస్తుంది, జాగ్రత్త. అది కొట్టేటప్పుడు దగ్గరికి పోకు. వేలు పోతుంది." హొనొరీన్ తన చేతితొడుగులు తీసి ఇచ్చింది. "పైన చలిగా ఉంటుంది," అంది. ఎప్పుడు కొట్టాలో చెప్పలేదు. నా ముఖంలోకి కూడా చూడలేదు. తొడుగులు తీసిన చేతులు బల్ల కిందికి పెట్టుకుంది.

గోపురానికి తొంభయ్యారు మెట్లు. మెకానిక్ బూట్ల గుర్తులు దుమ్ములో ఇంకా ఉన్నాయి. పైకెక్కి, తీగ వెతికి పట్టుకునేసరికి ఊపిరి ఆడలేదు. గడియారం ముఖం లోపలివైపు నుంచి కనిపించదు, ముళ్ళ ఇరుసు మాత్రం తిరుగుతూ ఉంటుంది. ఫోన్ కింద బల్లమీద మరిచిపోయాను. టైం తెలుసుకోవడానికి నాకున్న దారి కిటికీ ఒక్కటే.

కిటికీలోంచి లోయ మొత్తం కనిపిస్తుంది. చిన్నప్పుడు బడి నుంచి మమ్మల్ని ఒకసారి ఎక్కించారు. అప్పుడు మా ఇల్లు వెతుక్కున్నాను. ఇప్పుడు చూస్తే చీకటి పడబోతోంది. నది పక్కన బ్రెలాన్ వీధిదీపాలు అప్పుడే వెలిగాయి, మావి ఇంకా వెలగలేదు. మధ్యలో రోడ్డు పక్కన వెర్జోల్ అని రాసిన పలక. దాన్ని నేను ప్రతి వసంతంలోనూ తడిబట్టతో తుడుస్తాను. అది నా ఉద్యోగంలో భాగం కాదు. మేయరు చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. చలికాలం బురద పడి పేరు కనబడటం మానేస్తుంది, అందుకని తుడుస్తాను.

ఎగువ పొలాల దగ్గర ఒక బండి దీపాలు కదిలాయి. పాలబండి. ఆ దారిలో గుంటల వల్ల అది నడక కంటే కొంచెం వేగంగా మాత్రమే వస్తుంది. ఎక్కడుంటే ఎన్ని నిమిషాలు పడుతుందో నాకు తెలుసు. మా ఇల్లు ఆ దారిలోనే.

అప్పటికి ఐదుకి ఇంకా పది నిమిషాలున్నాయి. పన్నెండు దెబ్బలకి ఒక నిమిషం చాలు. అప్పుడే కొట్టి ఉండవచ్చు. ఎవరైనా అడిగితే చెప్పడానికి ఒక కారణం వెతుక్కున్నాను కూడా: మధ్యలో కరెంటు సుత్తి లేస్తే ఐదూ పన్నెండూ కలిసి పదిహేడవుతుంది. పదిహేడు మా ఊళ్ళో ఏ గంటా కాదు. కారణం బాగానే ఉంది. నేను ఆగింది మాత్రం దానికోసం కాదు.

తీగ పట్టుకుని నిలబడ్డాను. కింద ఊరి ఆఫీసు కిటికీలో తలలు కనిపించాయి. అందరూ గోపురం వైపే చూస్తున్నారు. రెజిస్ తల కూడా ఉంది. చెయ్యి ఊపాడు. నేను కనబడలేదనుకుంటాను.

సుత్తి లేచింది. ఐదు కొట్టింది, ఒక్కసారి. పక్కనే నిలబడితే ఎముకల్లోకి దిగింది.

పాలబండి సందు మలుపు దగ్గర ఆగి హారన్ కొట్టింది. ఇంకోసారి కొట్టింది. ఆఫీసు తలుపు తెరుచుకుంది. లియోన్స్ బయటికొచ్చాడు. రెండడుగులు వేసి, ఆగి, పైకి చూశాడు. మళ్ళీ హారన్ మోగింది. కోటు గుండీలు పెట్టుకోకుండానే చీజ్ కేంద్రం వైపు పరుగులాంటి నడక నడిచాడు. పాలు చల్లబరిచే గదికి తాళం చెవి అతని దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు.

అతను సందు తిరిగేదాకా చూశాను. అప్పుడు తీగ లాగాను. పన్నెండుసార్లు. మధ్యలో లెక్క తప్పకుండా పైకే లెక్కపెట్టాను.

దిగి వచ్చేసరికి అందరూ కిటికీ దగ్గర నుంచి కుర్చీల్లోకి వచ్చారు. నేను కూర్చుని రిజిస్టరు దగ్గరికి లాక్కున్నాను.

"రెండోది మోగేటప్పుడు గదిలో కలవాలన్నవాళ్ళు?" అంది హొనొరీన్.

"ముగ్గురు," అన్నాను.

"వద్దన్నవాళ్ళు?"

"ముగ్గురు. మేయరు మాట రెండు."

"రాయి."

రాశాను. రెజిస్ లేచి, కోటు వేసుకుని, నా దగ్గరికొచ్చాడు.

"ఐదులోగా అన్నానమ్మా."

"విన్నాను," అన్నాను.

వచ్చే బుధవారం మళ్ళీ నేను అతని ఆఫీసులో కూర్చోవాలి. "వింటారు మీరు," అన్నాడు, "అన్నీ వింటారు. చెవిటోళ్ళని అనవసరంగా అంటున్నాం మా ఊళ్ళో." మిగిలిన కేకు గుడ్డలో చుట్టుకున్నాడు. వైను సీసా మాత్రం వదిలేశాడు.

అందరూ వెళ్ళాక హొనొరీన్ సంతకం పెట్టింది. జిల్లా ఆఫీసుకి పంపే కాగితంలో "అభ్యంతరానికి కారణం" అని ఒక గడి ఉంది. దాని దగ్గర ఆగింది.

"ఏం రాద్దాం?"

"ఖాళీగా వదిలేస్తే?"

"ఖాళీ అంటే వాళ్ళకి ఒప్పుకోవడమే కదా." కాసేపు కలం పట్టుకుని కూర్చుంది. తర్వాత ఊరి పేరు రాసింది. వెర్జోల్. అంతే. కింద గీత గీసి కలానికి మూత పెట్టింది. "నిన్ను నేనేమీ అడగను పెర్రిన్. నువ్వు కూడా నాకేమీ చెప్పకు." తొడుగులు తిరిగిచ్చాను. వేసుకుంటూ, "ఆ దారి ఇక మనమే చూసుకోవాలి," అంది. "ఎలా చూసుకుంటామో దేవుడికే తెలియాలి."

ఇంటికి వెళ్తూ చీజ్ కేంద్రం దగ్గర ఆగాను. లియోన్స్ గొట్టాలు కడుగుతున్నాడు.

"ఎటు తేలింది?" అన్నాడు తల తిప్పకుండా.

"కలవడం లేదు."

"నేను లేను కదా."

"లేవు."

గొట్టం విదిలించాడు. "తలుపు దగ్గర నేనేదో అన్నాను. ఏమన్నానో ఎవరికైనా గుర్తుందా?"

"అందరూ కిటికీ దగ్గరున్నారు. ఎవరూ వినలేదట."

"నాకూ గుర్తులేదు," అన్నాడు. కొంచెం ఆగి, "నువ్వు ఈ దారిదానివే. పాలెప్పుడొస్తాయో నీకు తెలియదా?" అన్నాడు.

"తెలుసు," అన్నాను.

అతను నావైపు చాలాసేపు చూశాడు. కోపమో కాదో చెప్పలేను, అతను కూడా చెప్పలేకపోయి ఉంటాడు. ఈలోగా బయట ఇంజన్ అరిచి అరిచి ఆగిపోయింది. తిరుగుదారిలో పాలబండి వెనక చక్రం పెద్ద గుంటలో దిగింది. లియోన్స్ గొట్టం పక్కన పెట్టి చేతులు తుడుచుకున్నాడు.

"రా మరి," అన్నాడు. "ఇది మన ఊరి గుంట."

వెళ్ళి ఒక పక్క నేను, ఒక పక్క అతను భుజం ఆనించాం. మొదటి తోపుకి కదల్లేదు. బురద మోకాళ్ళదాకా ఎగిరింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి, ఎవరినైనా పిలవనా అని అడిగాడు. అక్కర్లేదన్నాం. మళ్ళీ తోశాం.